రంగంలో అద్దె ఇల్లు

(మన ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడినప్పుడు దొర్లిన పునరుక్తులు తీసేశాను. మిగతాదంతా అక్కడ చెప్పినట్టే ఉంది.)



నిర్వాహకులు నన్ను పిలిచి, "మీరు లాయరు కదా, యాంగోన్‌లో కొన్నేళ్ళు పనిచేశారు కదా, అక్కడి లాయర్ల గురించీ ఇళ్ళ ధరల గురించీ ఓ ముప్పావుగంట చెప్పండి" అన్నారు. ఆ రెండింటికీ సంబంధమేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించేది. ఆ సంబంధం ఏమిటో నాకు తెలిసిరావడానికి రెండేళ్ళు పట్టింది. అది తెలిసిన తీరు నాకేమీ గర్వంగా చెప్పుకునేది కాదు. అయినా చెబుతాను.

ముందు ఊరి పేరు సంగతి. మీలో చాలామందికి అది రంగూన్. ఇప్పుడు యాంగోన్. మా ఇంట్లో మాత్రం అది "రంగం". మాది భీమునిపట్నం పక్క పల్లె. మా తాతగారి అన్నయ్య "రంగం ఎల్లిపోనాడు" అని మా మామ్మ చెబుతుండేది. ఆయన పంపిన టేకు పెట్టె ఒకటి మా ఇంట్లో ఉండేది. దాన్ని రంగం పెట్టె అనేవాళ్ళం. అందులో మామ్మ చింతపండు దాచేది. ఆయన అక్కడ ఏ పని చేశాడో, ఏ ఇంట్లో ఉన్నాడో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. మనకి వలస అంటే ఓడ ఎక్కడం, డబ్బు పంపడం, తిరిగి రావడం. ఆ మధ్యలో మనిషి ఎక్కడ పడుకున్నాడన్నది కథలో ఉండదు.

2013 చివర్లో నేను రంగం వెళ్ళాను, విమానంలో. సింగపూరులో నేను పనిచేస్తున్న సంస్థ అక్కడ చిన్న ఆఫీసు తెరిచింది. అప్పట్లో అందరూ తెరుస్తున్నారు. సైనిక పాలకులు 2011లో పైకి పౌర ప్రభుత్వం లాంటిది పెట్టారు, ఆంక్షలు సడలాయి, "ఆసియాలో చివరి మార్కెట్" అని పత్రికలన్నీ రాశాయి. నూనె కంపెనీలు, టెలికాం కంపెనీలు, బ్యాంకులు, వాటి వెనక మాలాంటి లాయర్లు దిగిపోయాం. వచ్చినవాళ్ళందరికీ ఆఫీసు కావాలి, ఇల్లు కావాలి. ఊళ్ళో ఆ స్థాయి భవనాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. సకురా టవర్ లాంటి చోట ఆఫీసు అద్దె చదరపు మీటరుకు నెలకు 100 డాలర్ల దాకా పోయింది. న్యూయార్కు, సింగపూరుల్లో కన్నా ఎక్కువ అని మేమే నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళం. మా అద్దె కంపెనీ కట్టేది కాబట్టి నవ్వొచ్చేది.

వెళ్ళిన మొదటి వారంలో నన్ను ఆశ్చర్యపరిచింది ఆఫీసులోని చట్టాల బీరువా. 1882 ఆస్తి బదలాయింపు చట్టం, 1872 కాంట్రాక్టు చట్టం, 1899 స్టాంపు చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం. విశాఖపట్నం లా కాలేజీలో నేను బట్టీపట్టినవే, అవే సెక్షన్ నంబర్లు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కదా, అదే వారసత్వం. పుట్టింటికి వచ్చినట్టుంది అనుకున్నాను. ఆ చట్టాలు చదవడం వచ్చినంత మాత్రాన ఊరు అర్థమవుతుందనుకోవడం నా మొదటి పొరపాటు.

ఇక సభల సంగతి. మీరూ నేనూ ఇలా కలుసుకున్నట్టే అక్కడా వృత్తి నిపుణులు తరచు కలుసుకునేవారు. పెద్ద హోటలు, చల్లటి హాలు, మెడలో పేరు కార్డు, మధ్యాహ్నం బఫే. విదేశీ లాయర్లు, స్థానిక లాయర్లు, బ్రోకర్లు, డెవలపర్లు. 2014 నుంచి 2016 దాకా ఆ సభల్లో ఎక్కువగా మాట్లాడిన విషయం ఒక్కటే: కాండోమినియం చట్టం. 1987లో వచ్చిన చట్టం ప్రకారం విదేశీయుడు స్థిరాస్తి కొనకూడదు, ఏడాదికి మించి అద్దెకు తీసుకోకూడదు. దాన్ని సడలించి, కాండో భవనాల్లో 40 శాతం దాకా విదేశీయులకు అమ్మొచ్చని కొత్త చట్టం. అది 2016 జనవరిలో పాసయింది, నియమావళి 2017 చివర్లో వచ్చింది. అది రాకముందు దానిమీద ఎన్ని సభలు జరిగాయో, వచ్చాక అంతకన్నా ఎక్కువ జరిగాయి. నేనూ వేదికెక్కి స్లైడ్లు చూపించాను.

ఆ సభలన్నిటిలో నేను ఒక్కసారి కూడా వినని పేరు ఒకటుంది. అది 1960 నాటి పట్టణ అద్దె నియంత్రణ చట్టం. అదీ అమల్లో ఉన్న చట్టమే, బీరువాలో పక్క అరలోనే ఉంది. దానిమీద సభ పెడితే స్పాన్సర్ దొరకడు, అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

నా సొంత అద్దె అనుభవం కాస్త చెప్పాలి. మన ఊళ్ళలో 11 నెలల అగ్రిమెంటు ఎందుకు రాస్తారో మీకందరికీ తెలుసు. ఏడాది దాటితే రిజిస్టరు చెయ్యాలి కాబట్టి. అక్కడా అదే సెక్షన్, అదే తెలివి. ఆరు నెలలకో ఏడాదికో కాగితం రాస్తారు. తేడా ఏమిటంటే అద్దె నెలనెలా తీసుకోరు. ఆరు నెలలదైతే ఆరు నెలలదీ, ఏడాదిదైతే ఏడాదిదీ మొత్తం ముందే చేతిలో పెట్టాలి. బ్రోకరుకు ఓ నెల అద్దె అదనం. 2014 చివర్లో మా ఇంటాయన వచ్చి, చాలా మర్యాదగా, టీ తాగుతూ, వచ్చే ఏడాదికి దాదాపు రెట్టింపు అడిగాడు. మా కంపెనీ కాసేపు గింజుకుని కట్టేసింది. మా ఆఫీసులో క్లర్కుగా ఉన్న కుర్రాడికీ అదే నెలలో అద్దె పెరిగింది. అతనికి కట్టే కంపెనీ లేదు. ఏడాది అద్దె ఒక్కసారి తేవాలంటే అప్పు చెయ్యాలి, అప్పుకి వడ్డీ. అంటే అద్దె ఒకటి, అద్దెకి వడ్డీ ఇంకొకటి. అతను భార్యాబిడ్డలతో నది దాటి డలాకి మారిపోయాడు. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి వచ్చేవాడు. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు, అందుకే మాకెవరికీ తెలియలేదు.

2015 సెప్టెంబరులో దేశంలో మొదటిసారి కనీస వేతనం అమల్లోకి వచ్చింది, రోజుకు 3,600 చాట్లు. మా సభల్లో ఒక పూట భోజనం టికెట్టు కార్మికుడి నెల జీతంలో ఎంత వంతో ఎవరైనా లెక్కవేసి ఉంటే బఫే దగ్గర కాస్త ఇబ్బందిగా ఉండేదేమో.

స్థానిక లాయర్ల గురించి చెప్పమన్నారు కదా. హోటలు సభల్లో కనిపించే స్థానిక లాయర్లు కొద్దిమందే, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు. మిగతావాళ్ళు ఎక్కడుంటారో నాకు చూపించింది ఒక ప్లీడరు. అక్కడ అడ్వకేటు అని ఒక మెట్టు, హయ్యర్ గ్రేడ్ ప్లీడరు అని దానికింద ఒక మెట్టు. ఆవిడ రెండో మెట్టు. పేరు చెప్పను, ఇప్పటి పరిస్థితుల్లో చెప్పకూడదు. అందరూ ఆవిడని "సయామా" అనేవారు. మనం మేష్టారమ్మ అన్నట్టు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేనూ సయామా అనే పిలిచేవాణ్ణి.

పన్సొడన్ వీధి, దాని పక్క సందులు. 1911లో కట్టిన ఎర్ర ఇటికల హైకోర్టు, గడియారం గోపురం. కింద పేవ్‌మెంటు మీద టైపు మిషన్లు పెట్టుకుని కూచున్న దస్తావేజు టైపిస్టులు, పాత లా పుస్తకాల దుకాణాలు. పైన పాడుబడ్డ భవనాల్లో, రావిమొక్కలు మొలిచిన గోడల వెనక, చెక్కపార్టిషన్లు కొట్టిన అరల్లో లాయర్ల ఆఫీసులు. బాల్తజార్ బిల్డింగ్ అని ఒకటుంది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టింది. పెచ్చులూడిపోయింది. అందులోనూ లాయర్ల బోర్డులే. అంటే ఊళ్ళో అద్దె తగాదాలు వాదించే లాయర్లే పాత అద్దెల మీద బతుకుతున్న అద్దెదారులు. భవనం అమ్ముడుపోతే క్లయింటుతో పాటు లాయరూ రోడ్డున పడతాడు. "మా కేసులు మేమే వాదించుకుంటాం, ఫీజు ఎవరిస్తారు?" అని సయామా నవ్వేది.

ఆవిడ డిగ్రీ దూరవిద్యలో వచ్చింది. 1988 విద్యార్థుల తిరుగుబాటు తర్వాత యూనివర్సిటీలు ఏళ్ళతరబడి మూతబడ్డాయి, పిల్లల్ని ఊరి మధ్య గుమికూడనివ్వకూడదని క్లాసుల్ని ఊరిబయటికి తరిమారు. యాంగోన్ యూనివర్సిటీ పాత ఆవరణలోకి డిగ్రీ విద్యార్థుల్ని మళ్ళీ రానిచ్చింది 2013 డిసెంబరులో. మధ్యలో పోయిన తరం లాయర్లు ఇంగ్లీషులో ఉన్న పాత చట్టాన్ని పెద్దల దగ్గర కూచుని, మాట మాటకీ అర్థం అడిగి నేర్చుకున్నారు. రాజకీయ ఖైదీల తరఫున వాదించినందుకు లైసెన్సులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

మేము చూడని సభలు వీళ్ళకి ఉండేవి. 2012లో స్ట్రాండ్ రోడ్డు మీది పాత కోర్టు భవనాన్ని హోటలు కట్టుకోమని ప్రైవేటు కంపెనీకి లీజుకిస్తే లాయర్లు వీధిలోకొచ్చి నిలబడ్డారు. కోర్టు అమ్ముకోవడానికి కాదు అన్నారు. చివరికది హోటలే అయింది. 2015లో న్యాయశాఖలోకి సైనికాధికారుల్ని తెచ్చి పెట్టడం ఆపమని పసుపు రిబ్బన్లు కట్టుకున్నారు. 2016 జనవరిలో దేశవ్యాప్తంగా స్వతంత్ర న్యాయవాదుల సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది, 2017 జనవరి 29న, రాజ్యాంగ నిపుణుడు ఊ కో నీని యాంగోన్ విమానాశ్రయం బయట, మనవణ్ణి ఎత్తుకుని నిలబడి ఉండగా, తలకి గురిపెట్టి కాల్చి చంపారు. హంతకుణ్ణి వెంటాడిన టాక్సీ డ్రైవరు కూడా చనిపోయాడు. ఆ సాయంత్రం పన్సొడన్ వీధిలో ఎవరూ మాట్లాడుకోలేదు.

సరే, ఇప్పుడొక వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఎందుకంటే యాంగోన్ ఇళ్ళ కరువు 2013లో మొదలవలేదు. దాని మొదటి బాధితుల్లో మనవాళ్ళున్నారు.

1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో 4,00,415 మంది. వారిలో 2,12,929 మంది భారతీయులు, సగానికి పైనే. దేశం మొత్తం మీద తెలుగువాళ్ళు లక్షన్నర పైచిలుకు. విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లలో పోయినవాళ్ళు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళకి "కోరంగీలు" అని పేరు. అదేమీ గౌరవంగా వాడే మాట కాదు. రేవులో మూటలు మోసింది, రిక్షాలు లాగింది, పాకీపని చేసింది ఎక్కువగా వీళ్ళే. మేస్త్రీ బయానా ఇచ్చి ఊరినుంచి తెచ్చేవాడు. పని చూపేదీ వాడే, చాలాచోట్ల పడుకోవడానికి చోటు చూపేదీ వాడే. జీతంలోంచి చోటుకు విరిచేదీ వాడే. కూలీల బస ఇళ్ళకి మునిసిపాలిటీ లైసెన్సు ఇచ్చి, గదికి ఇంతమంది అని రాసేది. రాత్రి ఆ సంఖ్యకు ఎన్నో రెట్లు మనుషులు ఉండేవారు. పగలు పనికిపోయినవాడి చాప మీద రాత్రి పనివాడు పడుకునేవాడు. ఇదంతా నేను ఊహించి చెబుతున్నది కాదు. రంగూన్‌లో వలస కూలీల వ్యవహారం చూసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో "ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్" అని పుస్తకమే రాశాడు. 1931లో వచ్చిన రాయల్ లేబర్ కమిషన్ నివేదికలోనూ ఉంది.

అప్పుడు చట్టం లేదా? ఉంది. 1920లో రంగూన్ రెంట్ యాక్ట్ వచ్చింది. యుద్ధం తర్వాత అద్దెలు ఆకాశానికంటితే, వాటిని కట్టడి చెయ్యడానికి రెంట్ కంట్రోలర్‌ని పెట్టారు. ఆ చట్టం కింద వచ్చిన తీర్పులు రంగూన్ సిరీస్ లా రిపోర్టుల్లో ఉన్నాయి. సయామా దగ్గర కొన్ని సంపుటాలు, చెదలు తిన్నవి, ఉండేవి. ఖాళీ సాయంత్రాల్లో తిరగేసేవాణ్ణి. చెట్టియార్లున్నారు, సూరతీ వర్తకులున్నారు, ఇంగ్లీషు కంపెనీలున్నాయి. మంచి మంచి బారిష్టర్లు వాదించారు. నేను తిరగేసిన మేరకు ఒక్క కోరంగీ కూలీ పేరు కనబడలేదు. కనబడదు మరి. అతను అద్దెదారు కాడు. మేస్త్రీ అద్దెదారు. కూలీ మేస్త్రీ దగ్గర పడుకునే మనిషి, అంతే. అతని దగ్గర కాగితం లేదు. కాగితం లేనివాణ్ణి కాపాడే చట్టం ఇంకా పుట్టలేదు.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీల్ని తెచ్చాయి. రాజీ కుదిరాక బర్మావాళ్ళని పొమ్మన్నాయి. మే 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చనిపోయారని లెక్కలు, ఎక్కువమంది మనవాళ్ళే. గదుల్లో కిక్కిరిసి ఉన్నవాళ్ళకి పారిపోవడానికి దారి ఎక్కడుంటుంది? ఆ పేదవాడికీ ఈ పేదవాడికీ మధ్య తగాదా పెట్టి కంపెనీ తప్పుకుంది. తర్వాత 1942లో జపాను బాంబులు, కాలినడకన వెనక్కి. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక మళ్ళీ లక్షల్లో తిరుగు ప్రయాణం. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఎలా వచ్చిందో ఆ ఊరివాళ్ళకి తెలుసు. కానీ అందరూ తిరిగిరాలేదు.

ఇక నా కథ. ఒక లాయరు క్లయింటు సంగతి బయట చెప్పకూడదు. అందుకని వీధి, అంతస్తు, కొన్ని వివరాలు మార్చాను. నేను చేసిన పని మాత్రం మార్చలేదు.

2015లో ఒక పెట్టుబడిదారు నగరం నడిబొడ్డున ఒక పాత భవనం కొని, కూల్చి, ఎత్తైన కాండో కట్టాలనుకున్నాడు. భవనంలో పాతకాలపు అద్దెదారులున్నారు, నామమాత్రపు అద్దెలు. 1960 చట్టం వాళ్ళకి రక్షణ. వాళ్ళని ఖాళీ చేయించడం ఎంత కష్టమో అంచనా వేసి నోట్ రాయమన్నారు. గది గదికీ ఒక పేరా. కాగితాలన్నీ తెప్పించుకున్నాను. ఒక గదిలో ఉన్నావిడకి పౌరసత్వం కార్డు లేదు, విదేశీయుల నమోదు పత్రం ఉంది. ఎఫ్ఆర్‌సీ అంటారు. ఏటేటా రుసుం కట్టి పొడిగించుకోవాలి. ఆ దేశంలోనే పుట్టి, ఆ కాగితంతోనే ముసలివాళ్ళయిపోయిన భారతీయ సంతతివాళ్ళు చాలామంది ఉన్నారు. 1982 పౌరసత్వ చట్టం వాళ్ళని బయటే ఉంచింది. నాకు అది ఒక అవకాశంలా కనబడింది. నోట్‌లో ఒక వాక్యం రాశాను: "సదరు అద్దెదారు విదేశీయురాలిగా నమోదై ఉన్నందున, 1987 చట్టాన్ని బట్టి ఏడాదికి మించిన ఆమె అద్దె హక్కు చెల్లదని వాదించే అవకాశం ఉంది." తెలివైన పాయింటు. మా సీనియరు మెచ్చుకున్నాడు. బీరువాలో పక్కపక్కనే ఉన్న రెండు చట్టాల్ని కలిపి చదివింది నేనొక్కణ్ణే.

ఆ భవనం అద్దెదారుల తరఫు ప్లీడరు మా సయామాయే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆవిడ నాతో పోట్లాడలేదు. "ఒకసారి వచ్చి చూడు" అంది. అవతలి పక్షం మనుషుల్ని కలవకూడదని నాకు తెలుసు. అయినా వెళ్ళాను.

నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. అక్కడ పైకి వెళ్ళేకొద్దీ అద్దె తగ్గుతుంది, మోకాళ్ళు పోయినవాళ్ళే పైన ఉంటారు. మెట్లమీద చీకటి. ప్రతి బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంటుంది, చివర క్లిప్పు. పాలవాడో పేపరువాడో దానికి తగిలిస్తే పైకి లాక్కుంటారు. ఆవిడ తలుపు తీసింది. ఎనభై దాటి ఉంటాయి. థనకా పూసుకున్న మొహం, లుంగీ, గోడమీద బుద్ధుడి పక్కన నూకాలమ్మ పటం. సయామా బర్మీస్‌లో నన్నేమని పరిచయం చేసిందో తెలియదు. ముసలావిడ నాకేసి చూసి అడిగింది.

"ఏ ఊరు బాబూ మీది?"

నేను చెప్పాను.

"మాది సికాకోలు కాడ. పల్లె పేరు మా అయ్యకే ఎరుక. నాను సూడనేదు."

టీ ఇచ్చింది. వాళ్ళ నాన్న రేవులో పనిచేశాడట. ఆ గది ఒకప్పుడు ఆయన మేస్త్రీ పేరున ఉండేదట. 1942లో మేస్త్రీ వెళ్ళిపోతే, యుద్ధం తర్వాత తిరిగొచ్చి అద్దె రసీదు తన పేర రాయించుకున్నాడట. ఆ రసీదు తీసి చూపించింది. బిస్కెట్ల డబ్బాలో, ప్లాస్టిక్ కవరులో. "ఇది ఉన్నన్నాళ్ళూ ఎవులూ కదపనేరని సెప్పేడు" అంది. మా చిన్నప్పటి రంగం పెట్టె గుర్తొచ్చింది. లా రిపోర్టుల్లో నేను వెతికి కనబడలేదన్న పేరు ఆ డబ్బాలో ఉంది. ఆ కాగితం చెల్లదని వాదించొచ్చని నేనే అంతకు మూడు వారాల ముందు రాశాను.

మీరు అడగబోయే ప్రశ్నే నేనూ వేసుకున్నాను. నోట్ వెనక్కి తీసుకోవచ్చా? తీసుకోలేదు. ఇక ఆ ఫైలు చూడనని మా సీనియరుతో చెప్పాను, కారణం సగమే చెప్పాను. ఇంకొకరు చూశారు. కోర్టుదాకా పోనేలేదు. అలాంటివి పోవు. ఆ వాక్యం చూపించి ఎవరో మాట్లాడి ఉంటారు. ఇచ్చినంత తీసుకుని ఆవిడా కూతురూ నార్త్ ఒక్కలాపలో ఎక్కడో గదికి మారిపోయారు. మిగతావాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు. 2016 మేలో కొత్త ప్రాంతీయ ప్రభుత్వం ఎత్తైన భవనాల పనులన్నీ తనిఖీ కోసం ఆపించింది. పెట్టుబడిదారు విసిగి వెళ్ళిపోయాడు. నేను యాంగోన్ వదిలిన 2019 దాకా ఆ భవనం తాళంవేసే ఉంది. బాల్కనీ తాళ్ళు మాత్రం అలాగే వేలాడుతుండేవి.

ఆ తర్వాత నేను హోటలు సభలకి వెళ్ళడం తగ్గించి, శనివారాలు సయామా వెంట తిరిగాను. పాపపరిహారం అనుకోండి. లైంథాయా ఎక్కువగా వెళ్ళేవాళ్ళం. ఊరిమధ్యలో బస్తీలు లేపేసి 1989, 90 ప్రాంతాల్లో జనాన్ని తోలిన కొత్త టౌన్‌షిప్పుల్లో అదొకటి. తర్వాత బట్టల ఫ్యాక్టరీలొచ్చాయి. 2008 మేలో నర్గీస్ తుపాను ఇరవాడీ డెల్టాని ఊడ్చేశాక అక్కడివాళ్ళొచ్చారు. ఫ్యాక్టరీ అమ్మాయిలు చెక్క, రేకు గదుల వరసల్లో గదికి ముగ్గురు నలుగురు. అదీ దొరకనివాళ్ళు కాలవగట్ల మీద వెదురు గుడిసెలు. ఆక్రమణదారులు నాలుగు లక్షలకు పైనే అని అప్పటి ప్రాంతీయ ప్రభుత్వమే అంచనా చెప్పింది. గుడిసెకీ అద్దె ఉంది. స్థలం తనది కానివాడే దాన్ని కొలిచి అమ్ముతాడు, కొన్నవాడు ఇంకొకడికి అద్దెకిస్తాడు. మేస్త్రీ చచ్చిపోలేదు, పేరు మార్చుకున్నాడు.

అక్కడే నాకు కాస్త ధైర్యమిచ్చినదీ కనబడింది. ఉమెన్ ఫర్ ది వరల్డ్ అనే స్థానిక సంస్థ ఆడవాళ్ళ చేత పొదుపు సంఘాలు పెట్టించింది. మన డ్వాక్రా సంఘాలు గుర్తొచ్చాయి. డబ్బు కూడబెట్టి, అప్పు కలుపుకుని, ఊరిచివర నేల అందరూ కలిసి కొనుక్కుని, చిన్న చిన్న ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడ కూడా చిక్కు కాగితమే. ఊరిచివర దొరికేది సాగుభూమి. 2012 సాగుభూమి చట్టం కింద ఫారం 7 ఉన్న నేలలో అనుమతి లేకుండా ఇల్లు కట్టకూడదు. అందరి పేరా ఉమ్మడిగా పట్టా పుట్టించే దారి సులువుగా లేదు. కాండో చట్టం కోసం మేం అన్ని సభలు పెట్టాం కదా, వాటిలో రెండు దీనికోసం పెట్టి ఉంటే లాయర్లందరం కలిసి ఏదో ఒక దారి రాసి ఇవ్వగలిగేవాళ్ళం. అది చేతకాని పనేం కాదు, ఎవరూ అడగలేదంతే.

2021 ఫిబ్రవరి 1 తర్వాత ఇదంతా ఇంకో లోకం. సైన్యం అధికారం లాక్కున్న రెండు వారాల్లోపే, ఇంట్లో రాత్రికి ఎవరున్నా వార్డు ఆఫీసులో నమోదు చెయ్యాలన్న పాత నిబంధన తిరిగి తెచ్చింది. 2016లో ఎన్నికైన ప్రభుత్వం తీసేసినదే. అంటే చుట్టం వచ్చి పడుకున్నా నేరమే. మార్చి 14న లైంథాయాలో కాల్పులు, డజన్లకొద్దీ చావులు, ఆ వెంటనే మార్షల్ లా. అదే ఏడాది చివర్లో కాలవగట్ల మీది గుడిసెలు వేలాదిగా పీకించారు. జైళ్ళలోపల ప్రత్యేక కోర్టులు, వాదించడానికి వెళ్ళిన లాయర్లే అరెస్టులు. యుద్ధం నడుస్తున్న ప్రాంతాల నుంచి జనం మళ్ళీ యాంగోన్‌కే వస్తున్నారు, అద్దెలు మళ్ళీ పైకి. డాలరుకి 1,330 చాట్ల దరిదాపుల్లో ఉన్నది 2024లో బజారులో 4,000 దాటింది. ఉన్నవాళ్ళు బ్యాంకాక్‌లో కాండోలు కొనుక్కుంటుంటే, 2024 జూన్‌లో వాటిని అమ్మిపెట్టేవాళ్ళనీ పట్టుకెళ్ళారు.

మీ కార్యక్రమ పత్రంలో చూశాను, భోజనాల తర్వాతి సెషన్ "హైదరాబాదు రియల్ ఎస్టేట్: ఎన్నారైలకు అవకాశాలు". తప్పుపట్టడానికి కాదు, నేనూ కూచుంటాను, నాకూ అక్కడో ఫ్లాటుంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత పండగ చేసుకున్నామో నాకు గుర్తే. ఆ సెషన్‌లో మాట్లాడేవారిని ఒక్కటి అడగాలనుకుంటున్నాను. ఆ భవనాలు కట్టడానికి శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్ళు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు, ఎవరి పేరు మీద, ఎవరి దగ్గర కాగితం ఉంది? మనలో లాయర్లు ఇక్కడ పదిమందికి తక్కువ లేరు. నెలకో శనివారం ఇవ్వగలిగినవాళ్ళు టీ దగ్గర నాకు పేరివ్వండి. హైదరాబాదులో వాళ్ళకోసం పనిచేసే లాయర్లు ఉన్నారు, వాళ్ళకి చదివిపెట్టేవాళ్ళు, రాసిపెట్టేవాళ్ళు కావాలి. డబ్బు వద్దు, మీ తీరిక చాలు.

సయామా సంగతి అడుగుతారని తెలుసు. ఊళ్ళోనే ఉంది. కేసులు తగ్గించుకుంది. మాట్లాడుకున్నప్పుడు వాతావరణం గురించే మాట్లాడుకుంటాం. ఈమధ్య ఒకసారి, అడగకుండానే, నార్త్ ఒక్కలాప ముసలావిడ పోయిందని చెప్పింది. బిస్కెట్ల డబ్బా కూతురి దగ్గర ఉందట. ఆ రసీదుతో ఇంకేమైనా చెయ్యొచ్చా అని కూతురు అడిగిందట. సయామా నన్నడిగింది. పుస్తకాలు తీసి చూస్తున్నాను.

ప్రశ్నలుంటే అడగండి.